జీతం ఒక్కటే అడగకండి

విదేశంలో ఉద్యోగం వచ్చిందనగానే ఇంట్లోనైనా, వీధిలోనైనా, పెళ్లి సంబంధం దగ్గరైనా మొదట వినపడే ప్రశ్న ఒక్కటే: నెలకు ఎంతొస్తుంది? ఆ వెంటనే ఇంకోటి: మన రూపాయల్లో ఎంత? ఈ రెండూ తేలిపోతే చాలు, మిగతాది వెళ్లాక చూసుకోవచ్చనుకుంటారు. నైపుణ్య వీసా మీద వెళ్లేవాళ్లకు అసలు లాభం ఉండేది ఆ మిగతాదాంట్లోనే. ఉద్యోగం పోతే ఎన్నాళ్లు ఉండనిస్తారు? కంపెనీ మారొచ్చా? భార్యో భర్తో ఉద్యోగం చేసుకోవచ్చా? స్థిర నివాసం ఎన్నేళ్లకు వస్తుంది? మంచాన పడితే జీతం ఎవరిస్తారు? దేశాన్ని ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి ఇవి.

మనకు విదేశం అంటే చాలాకాలంగా అమెరికాయే. అక్కడి హెచ్‌-1బీ సంగతి తెలియని ఇంజినీరింగ్‌ విద్యార్థి ఉండడు. కంపెనీల కోటా ఏడాదికి 85 వేల వీసాలే, ఎంపిక లాటరీ ద్వారా. 2025 సెప్టెంబరులో అమెరికా బయటి నుంచి వచ్చేవారి కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి. గ్రీన్‌ కార్డుకు ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండటంతో మనవాళ్ల వరుస ఏళ్ల తరబడి కదలదు. జీతం మాత్రం ఎక్కువే, కాదనలేం. ఇప్పుడు దీని పక్కన జర్మనీని పెట్టి చూద్దాం.

జర్మనీలో పనిచేసే వయసువాళ్లు తగ్గిపోతున్నారు. పదవీ విరమణ చేసేవాళ్లకు సరిపడా కొత్తవాళ్లు రావడం లేదు. అందుకే 2020 మార్చిలో నైపుణ్యం ఉన్నవారి వలసకు ప్రత్యేక చట్టం తెచ్చి, 2023, 2024లలో దాన్ని ఇంకా సడలించారు. 2022 డిసెంబరులో భారత్‌తో వలస ఒప్పందం కుదిరింది. భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024 అక్టోబరులో ప్రకటించారు. దయతలచి కాదు, అవసరం కొద్దీ పిలుస్తున్నారు. ఉద్యోగం వెతుక్కునేవాడికి ఇంతకంటే ఏం కావాలి!

డిగ్రీ ఉన్నవాళ్లకు మేలైన దారి బ్లూ కార్డు అనే నివాస అనుమతి. దానికి కనీస జీతం నిర్ణయించి ఏటా సవరిస్తుంటారు. 2025లో అది ఏడాదికి 48,300 యూరోలు. ఐటీ, ఇంజినీరింగ్‌, వైద్యం వంటి కొరత ఉన్న వృత్తులకు, డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటనివారికి 43,759.80 యూరోలు సరిపోయేవి. బ్యాక్‌లాగులు తేలక పట్టా చేతికి రాకుండానే సాఫ్ట్‌వేర్‌లో కుదురుకున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. గత ఏడేళ్లలో మూడేళ్లు గట్టి ఐటీ అనుభవం చూపగలిగితే వాళ్లకూ ఈ కార్డు దక్కుతుంది.

ఇప్పుడు జీతం చీటీ విప్పి చూద్దాం. నెలకు 4,300 యూరోలు, పెళ్లికాని ఉద్యోగి అనుకోండి. పైన ‘బ్రుట్టో’ దగ్గర 4,300 ఉంటుంది, అడుగున ‘నెట్టో’ దగ్గర సుమారు 2,750. మధ్యలో పదిహేను వందల పైచిలుకు ఎగిరిపోయిందని తొలి నెలలో గుండె గుభేలుమంటుంది. కంగారు పడకుండా ఒక్కో పద్దు చదవండి. పెన్షన్‌కు 400 పోయింది. కంపెనీ మీ పేరున ఇంకో 400 కట్టింది, అది మీ జీతంలోది కాదు. నిరుద్యోగ బీమాకు 56. ఆరోగ్య బీమా, వృద్ధాప్య సంరక్షణ బీమా కలిపి 470 దాకా. మిగతా 600 పైన ఆదాయపు పన్ను.

ఈ కోతలకు బదులు వచ్చేదేమిటి? జబ్బు చేస్తే ఆరు వారాల దాకా కంపెనీయే పూర్తి జీతం ఇవ్వాలి. ఆ తర్వాత ఆరోగ్య బీమా సంస్థ కొంత భాగం ఇస్తుంది. సెలవు రోజుల్లోంచి జ్వరం రోజులు కోయరు. సంపాదన లేని భార్యకో భర్తకో, పిల్లలకో ప్రభుత్వ ఆరోగ్య బీమా విడిగా ప్రీమియం లేకుండానే వర్తిస్తుంది. ముప్పై నెలల్లో పన్నెండు నెలలు బీమా కట్టి ఉంటే, ఉద్యోగం పోయినప్పుడు నెట్టో జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం భృతి వస్తుంది. వారానికి ఐదు రోజుల పనికి చట్టప్రకారం ఏడాదికి కనీసం 20 రోజుల జీతంతో కూడిన సెలవు. చాలా కంపెనీలు 25 నుంచి 30 ఇస్తాయి. సంక్రాంతికి రెండు వారాలు ఊరొచ్చి వెళ్లాలంటే మేనేజరు ముందు చేతులు కట్టుకోనక్కర్లేదు. పెన్షన్‌ డబ్బు అక్కడే మునిగిపోతుందన్న బెంగా అక్కర్లేదు. 2017 మే 1 నుంచి అమల్లో ఉన్న భారత్‌-జర్మనీ సామాజిక భద్రతా ఒప్పందం కింద రెండు దేశాల్లో కట్టిన కాలాన్నీ కలిపి అర్హత లెక్కిస్తారు.

నా మటుకు ఇంతకన్నా విలువైంది స్థిర నివాసపు గడియారం. బ్లూ కార్డు ఉన్నవారు జర్మన్‌ భాషలో బీ1 స్థాయి అందుకుంటే 21 నెలలకే, తొలి మెట్టు ఏ1తోనే ఆగితే 27 నెలలకు స్థిర నివాసం అడగొచ్చు. లాటరీ లేదు, దేశాలవారీ కోటా లేదు. ముఖ్యంగా చట్టంలో రాసి ఉన్న నెలలు గడవాలి, పెన్షన్‌ చందాలు కట్టి ఉండాలి. మొదటి ఏడాదిలో కంపెనీ మారితే విదేశీయుల కార్యాలయానికి చెప్పాలి, తర్వాత ఆ తంతూ లేదు. ఉద్యోగం పోయినంత మాత్రాన కార్డు రద్దు కాదు. యూరోపియన్‌ నిబంధన ప్రకారం తొలి రెండేళ్లలోనైతే మూడు నెలలు, ఆ తర్వాతైతే ఆరు నెలలు వెతుక్కునే వ్యవధి ఉంటుంది. జీవిత భాగస్వామికి భాషా పరీక్ష అడగరు, వెళ్లిన రోజు నుంచే ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. అమెరికాలో జీవిత భాగస్వాములకిచ్చే హెచ్‌-4 వీసా మీద ఎంటెక్‌ పట్టా పక్కన పెట్టి ఏళ్లకేళ్లు ఇంట్లో కూర్చున్న ఆడపిల్లల్ని ఎరిగినవారికి ఈ ఒక్క సదుపాయం ఎంతటిదో చెప్పనక్కర్లేదు.

పౌరసత్వం ఐదేళ్లకు అడగొచ్చు. జర్మనీ రెండు పౌరసత్వాలకు ఒప్పుకున్నా మన దేశం ఒప్పుకోదు కాబట్టి భారతీయ పాస్‌పోర్టు వదులుకోవాలి. ఇక్కడే ఇంకో మాట. ‘నాలుగేళ్లు అక్కడ సంపాదించి ఊళ్లో రెండెకరాలు కొందాం’ అనుకునేవాళ్లు గమనించాలి: ప్రవాస భారతీయుడైనా, విదేశీ పౌరసత్వం తీసుకున్న ఓసీఐ కార్డుదారైనా వ్యవసాయ భూమి కొనడానికి చట్టం ఒప్పుకోదు. వారసత్వంగా రావొచ్చు. ఇల్లో ఫ్లాటో కొనుక్కోవచ్చు.

ఐటీ, ఇంజినీరింగ్‌ కానివాళ్ల మాటేమిటి? నర్సులకు ఇప్పుడున్న గిరాకీ సాఫ్ట్‌వేర్‌ వాళ్లకు కూడా లేదంటే అతిశయోక్తి కాదు. బీఎస్సీ నర్సింగ్‌, జీఎన్‌ఎం రెండూ పనికొస్తాయి. కాకపోతే అది లైసెన్సు ఉండాల్సిన వృత్తి. అక్కడి రాష్ట్రం మీ చదువును గుర్తించాలి. ఎక్కువమంది బీ1తో వెళ్లి, సహాయక నర్సుగా చేస్తూ బీ2 పూర్తిచేసి, పరీక్షో శిక్షణో ముగించాక పూర్తిస్థాయి నర్సు అవుతారు. ఐటీఐలో రెండేళ్ల ఫిట్టర్‌, ఎలక్ట్రీషియన్‌ ట్రేడులకు అనుభవం తోడైతే దారి ఉంది. ఏడాది వెల్డర్‌ కోర్సుకు ఆ దారిలో ఇబ్బంది, కనీసం రెండేళ్ల శిక్షణ అడుగుతారు. ఇంటర్‌ అయినవాళ్లకు ‘ఆవుస్‌బిల్డుంగ్‌’ ఉంది. నేర్చుకుంటూనే నెలనెలా భత్యం తీసుకునే మూడేళ్ల వృత్తి శిక్షణ అది.

2024 జూన్‌లో వచ్చిన అవకాశ కార్డు గురించి యూట్యూబ్‌లో ఊదరగొడుతున్నారు. ఆరు పాయింట్లు వస్తే ఏడాదిపాటు అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు, వారానికి 20 గంటలు పనిచేసుకోవచ్చు. అయితే ఖర్చులకు నెలకు 1,091 యూరోల చొప్పున, ఏడాదికి పదమూడు లక్షల రూపాయల పైచిలుకు ముందే ఖాతాలో చూపాలి. ఏ1 జర్మన్‌తో, అప్పు తెచ్చిన డబ్బుతో దీని మీద వెళ్లమని నేనెవరికీ చెప్పను. అక్కడి చిన్న కంపెనీల్లో ఇంటర్వ్యూ దాటాలంటే ఏ1 ఏమూలకూ సరిపోదు.

ఆ మాటకొస్తే అన్ని దారులూ భాష దగ్గరే ఆగుతాయి. ఐటీలో ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చు, బెర్లిన్‌లో రోజులు గడిచిపోతాయి కూడా. కానీ ఇంటి ఒప్పందం, పన్ను ఉత్తరం, పిల్లవాడి స్కూలు నోటీసు, అన్నీ జర్మన్‌లోనే వస్తాయి. ఇంజినీరింగ్‌ మూడో సంవత్సరం నుంచి వారానికి నాలుగైదు గంటలు భాషకు కేటాయించే విద్యార్థి, చదువయ్యాక ఆదరాబాదరా క్రాష్‌ కోర్సులో చేరేవాడి కంటే ఎంతో ముందుంటాడు. హైదరాబాద్‌లో గోథే కేంద్రం ఉంది, పరీక్షలు అక్కడే రాయొచ్చు.

రెండోది కాగితాలు. మీ డిగ్రీ చెల్లుతుందో లేదో ‘అనాబిన్‌’ అనే జర్మన్‌ సమాచార నిధిలో ఉచితంగా చూసుకోవచ్చు. కాలేజీ పేరు కాదు, పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయం పేరు వెతకండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మన రాష్ట్రాల్లో మామూలే. ఉద్యోగం వచ్చాక కాకుండా ఇప్పుడే సరిచేయించుకోండి.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లి దగ్గర పెట్టుకుందామనుకునేవాళ్లకు మాత్రం ఈ దేశం అంత కలిసిరాదు. 2024 మార్చి తర్వాత తొలి అనుమతి పొందిన నిపుణుల తల్లిదండ్రులకు చట్టం తలుపు తెరిచినా, ఆ వయసులో ఆరోగ్య బీమా దొరకడం కష్టం. కొద్ది కాలంలోనే పెద్ద మొత్తం కూడబెట్టి తిరిగొచ్చేయాలనుకునేవాళ్లూ ఇంకో దేశం చూసుకోవడం మేలు. మ్యూనిక్‌లో అద్దె కట్టాక ఆ 2,750లో మిగిలేది అంతంతమాత్రమే. లైప్‌జిగ్‌ వంటి ఊళ్లలో కాస్త నయం.

ఏజెంటు ద్వారా వెళ్తుంటే, విదేశీ వ్యవహారాల శాఖ ఈ-మైగ్రేట్‌ పోర్టల్లో అతని లైసెన్సు నంబరు ఉందేమో చూడండి. నమోదైన ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగే సేవా రుసుము 30 వేల రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంతకు మించి లక్షలు అడిగేవాడు అమ్ముతున్నది ఉద్యోగం కాదు. తెలంగాణలో టామ్‌కామ్‌, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్‌ ప్రభుత్వ సంస్థలే, ముందు అక్కడ అడగండి. ఒప్పందం చేతికొచ్చాక జీతం అంకె బ్రుట్టోనా నెట్టోనా, ప్రొబేషన్‌ ఎన్ని నెలలు, భాషా శిక్షణ ఖర్చు కంపెనీ పెడితే మధ్యలో మానేసినప్పుడు తిరిగి కట్టాలా అన్నవి చదవండి. ఈ చివరి షరతు నర్సుల ఒప్పందాల్లో ఎక్కువ, అందులోని మొత్తమూ గడువూ అర్థమయ్యాకే సంతకం పెట్టండి.