శాసనసభలు చేయు గౌరవ తీర్మానములు

మన పాఠశాలలో పెక్కేండ్లు గంట కొట్టిన వృద్ధుడు ఈ సంవత్సరము దివంగతుడయ్యెను. సాహితీ సంఘమువారి సమావేశమున సంతాప తీర్మానము చదువు భారము నాపై బడెను. అందరును లేచి నిలిచిరి, నేను చదివితిని. సభ ముగిసిన పిదప తొమ్మిదవ తరగతి బాలుడొకడు నన్ను సమీపించి, “అయ్యా, నిరుడు వేరొకరికి చదివిన తీర్మానము నిదియే గదా! పేరు మాత్రము మారినది. దీనివలన ప్రయోజనమేమి?” అని యడిగెను. వాడు పలికినది నిజము. తొందరలో పాత కాగితమునే దిద్ది చదివితిని. నాటినుండి ఆ ప్రశ్న నన్ను విడువలేదు. మన పట్టణముననే యిట్టి తీర్మానములు చేయు పెద్దసభ యొకటి గలదు గనుక, దాని వ్యవహారమును బట్టి యీ సంగతిని విచారింతము.

ఉస్మాన్‌గంజ్ నుండి మొజంజాహి మార్కెట్టు మీదుగా నాంపల్లి స్టేషను దాటి పోయినచో పబ్లిక్ గార్డెన్సు వచ్చును. దాని చెంత తెల్లని గుమ్మటములతో నున్న భవనమే శాసనసభ. ఆరవ నిజామగు మహబూబ్ అలీఖాను నలువదవ జన్మదినమునకు జ్ఞాపకముగా 1905లో ఆరంభింపబడి, 1913లో ముగిసిన టౌనుహాలు ఇదియే. ఒకరి గౌరవార్థము కట్టిన యింట పిమ్మట ఇతరులకు గౌరవ వాక్యములు పలుకబడినవి.

చట్టము వేరు, తీర్మానము వేరు. చట్టమునకు బిల్లు కావలెను, సభల యామోదము కావలెను, గవర్నరు సమ్మతి కావలెను. అటుపై దానిని అందరును పాటింపవలెను. 2025 మార్చిలో తెలుగు విశ్వవిద్యాలయమునకు సురవరం ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టదలచినప్పుడు సభవారు బిల్లునే ఆమోదించిరి. ఏలయన, ఆ విద్యాలయము చట్టమువలన పుట్టినది. తీర్మానమో, సాధారణముగా సభ తన మనస్సును తెలుపు మాట మాత్రమే. రాజ్యాంగము ప్రత్యేకముగా బలమొసగిన తీర్మానములు కొన్ని లేకపోలేదు. శాసనమండలిని రద్దుచేయుమని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2020 జనవరి 27న చేసినది అట్టిది. 2021 నవంబరులో ఆ సభయే దానిని మరల్చుకొనెను. గౌరవ తీర్మానమునకు ఆపాటి బలమైనను లేదు.

నిజాముల కాలమున ప్రభువునకు ప్రీతి కలిగినచో జంగ్ అనియు, దౌలా అనియు, రాజాబహద్దూరు అనియు బిరుదములు లభించెడివి. స్వతంత్ర భారత రాజ్యాంగము 18వ అధికరణముచే, సైనిక విద్యా సంబంధమైనవి తప్ప, బిరుదములను మాన్పెను. 1954లో నెలకొల్పబడిన భారతరత్నము సయితము పేరునకు ముందు గాని వెనుక గాని తగిలించుకొనదగినది కాదు. దానిని ప్రధానమంత్రి సిఫారసుపై రాష్ట్రపతి యొసగుదురు. కాబట్టి రాష్ట్ర శాసనసభ యొకరిని గౌరవింపగోరినచో దాని చేతిలో మాట తప్ప మరి యేమియు లేదు.

ఆ మాటను మన సభ 2020 సెప్టెంబరు 8న పలికెను. నాటి ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖరరావుగారు, పాములపర్తి వేంకట నరసింహారావుగారికి భారతరత్నము నొసగుమని కేంద్రమును కోరు తీర్మానమును ప్రతిపాదింపగా సభ ఆమోదించెను. అది ఆయన శతజయంతి వత్సరము. ఆయన 1921 జూన్ 28న లక్నేపల్లిలో జన్మించి, వంగర గ్రామమున దత్తత పోయి, 1971లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియై, 1991 మొదలు 1996 వరకు ప్రధానమంత్రిగా నుండెను. విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’ను హిందీలోనికి దెచ్చినదియు నాయనయే. 2004 డిసెంబరు 23న ఢిల్లీలో మరణింపగా, దేహమును హైదరాబాదునకు దెచ్చి హుస్సేనుసాగరపు టొడ్డున దహనము చేసిరి.

అందరును ఈ తీర్మానమును మెచ్చిరని వ్రాయుట సత్యము కాదు. మజ్లిసు పక్షమువారు దానికి మద్దతు నొసంగలేదు. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలినప్పుడు ప్రధాని ఆయనయే గదా. ఒకరి జీవితమును సభ తూచునపుడు భేదాభిప్రాయము కలుగుట దోషము కాదనియే నా తలంపు. ఎవరికిని అభ్యంతరము లేని వాక్యములు తరచుగా ఎవరును వినని వాక్యములే.

2024 ఫిబ్రవరి 9న కేంద్రము ఆయనకు భారతరత్నమును ప్రకటించెను. మార్చి 30న రాష్ట్రపతి చేతినుండి ఆయన కుమారుడు దానిని స్వీకరించెను. తీర్మానమునకును దీనికిని నడుమ మూడేండ్లకు పైగా గడచెను. అదియే కారణమని గాని, కాదని గాని యెవరు చెప్పగలరు?

అడిగినదెల్ల జరుగునని తలపరాదు. 2022 సెప్టెంబరు 13న నూతన పార్లమెంటు భవనమునకు అంబేద్కరుగారి పేరు పెట్టుమని మన సభ తీర్మానించెను. 2023 మే 28న ఆ భవనము ప్రారంభమయ్యెను. ఆ పేరు పెట్టబడలేదు. ఐనను రాష్ట్ర ప్రభుత్వమువారు తమ యధీనములోని నూతన సచివాలయమునకు ఆ నామమునే యుంచి, 2023 ఏప్రిల్ 30న దానిని తెరచిరి. పరుల యింటిని గూర్చి విన్నపము, తన యింటిని గూర్చి ఉత్తరువు.

ఇక నా తప్పునకు దగ్గరి కథ యొకటి అమెరికాలో జరిగినది. అచటి రాష్ట్ర శాసనసభలు గౌరవ తీర్మానములను విరివిగా చేయును. 1971 ఏప్రిల్‌లో టెక్సాసు ప్రతినిధిసభ సభ్యుడు టామ్ మూర్, ఆల్బర్ట్ డిసాల్వో అనువానిని కొనియాడుచు ఒక తీర్మానమును ప్రవేశపెట్టెను. సభ్యులు ఏకగ్రీవముగా ఆమోదించిరి. ఆ డిసాల్వో యెవడనగా, బోస్టను పట్టణమున పెక్కుమంది స్త్రీలను చంపితినని యొప్పుకొన్న నేరస్థుడు! తోటివారు చదువకయే సమ్మతించుచున్నారని చూపుటకే మూర్ ఆ పని చేసి, వెంటనే దానిని ఉపసంహరించుకొనెను. ఈ కథను మొదట చదివినప్పుడు నవ్వితిని. పాత కాగితము దిద్దిన పిదప నవ్వు రాలేదు.

మరల మన సభకు వత్తము. పైన జెప్పిన 2020 సెప్టెంబరు సమావేశములు సంతాపములతోనే మొదలయ్యెను. ఆగస్టు 31న మరణించిన మాజీ రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీగారికిని, అదే నెల 6న మరణించిన దుబ్బాక సభ్యుడు సోలిపేట రామలింగారెడ్డిగారికిని సభ సంతాపము తెలిపెను. ఒకరు దేశమునకు ప్రథమ పౌరుడు; మరియొకరు పత్రికా విలేఖరిగా నుండి ప్రజాసేవకు వచ్చినవారు. ఇద్దరికిని సభ్యులు లేచి నిలుచుట యొకటే. కాని ఇద్దరిని గూర్చి చెప్పదగిన మాటలు ఒకటి కావు. ఒకరి కాగితము మరియొకరికి చెల్లదు.

మన గంట కొట్టు పెద్దమనిషిని గూర్చిన తీర్మానమును మరల వ్రాయవలెనని సంఘమువారితో చెప్పితిని, వారు సమ్మతించిరి. ఆ పనిని ప్రశ్న యడిగిన బాలునికే యప్పగించితిమి. ఆయన యే సంవత్సరమున కొలువులో చేరెనో, ఉదయము ఎన్ని గంటలకు వచ్చి గేటు తీసెడివాడో కనుగొనుటకు, వాడు నిన్న సాయంకాలము ఆయన భార్యను చూడబోయెను. ఇంకను వ్రాసి తేలేదు.