లెన్సు మీది నంబరు చదివాకే బేరం

కొల్లిపర, తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు రెండు మూడు తరాలుగా ఫొటోల మీద బతికిన ఇళ్ళలో అటకెక్కిన స్టాండు కెమెరా ఒకటి ఇంకా ఉండవచ్చు. చెక్క పెట్టె, తిత్తిలాగా సాగే బెల్లోసు, ముందు ఇత్తడి లెన్సు, వెనక గరుకు అద్దం. నల్లగుడ్డ కప్పుకుని తలకిందులుగా కనిపించే బొమ్మను చూసి ఫోకస్ చేసిన కెమెరా అది. నాటకాలకు పేరుపడ్డ తెనాలిలో వేషం కట్టిన నటుడు స్టూడియోకి వెళ్ళి ఫొటో దిగడం ఒక రివాజు. అలాంటి ఫొటోలన్నీ ఈ జాతి కెమెరాలు తీసినవే.

ఇప్పుడు ఆ కెమెరాను అమ్మాలనుకున్నప్పుడు రెండు రకాల నష్టం జరుగుతోంది. పాత సామాన్లు కొనేవాడు ఇత్తడి ఎంత తూగుతుందో చూసి ఒక అంకె చెప్తాడు, ఇంటివాళ్ళు ఇచ్చేస్తారు. లేదంటే ఇంటివాళ్ళే “మా తాతగారిది, నూటయాభై ఏళ్ళ నాటిది” అని లక్షలు అడుగుతారు. నిజంగా కొనదలచినవాడు నాలుగు ప్రశ్నలు వేసి వెళ్ళిపోతాడు. రెండు చోట్లా జరగని పని ఒకటే: లెన్సు మీద చెక్కి ఉన్న నంబరును ఎవరూ చదవలేదు. స్టూడియో నడుపుతున్నవాళ్ళు, కెమెరాలు రిపేరు చేసేవాళ్ళు, సెకండ్ హ్యాండ్ వ్యాపారం చేసేవాళ్ళు, పాతకాలం కథల సినిమాలకు సామాను అద్దెకిచ్చేవాళ్ళు ఈ చదువు నేర్చుకుంటే చేతిలో ఉన్న వృత్తికి మరో పని తోడవుతుంది. దీనికి పెద్ద పెట్టుబడి ఏమీ అక్కర్లేదు.

ముందుగా ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. స్టాండు కెమెరాకు ఒక వయసు ఉండదు, మూడు వయసులు ఉంటాయి. చెక్క బాడీ ఒక కంపెనీది, లెన్సు ఇంకొకరిది, షట్టరు మూడోవారిది. ఇంగ్లండులో చేసిన పెట్టెకు జర్మనీ లెన్సు బిగించి ఉండటం ఆ రోజుల్లోనే మామూలు. మన దగ్గర అది ఇంకా ఎక్కువ. దిగుమతులు కష్టమైన కాలంలో పాడైన రెండు కెమెరాలను కలిపి ఒకటి చేసుకోవడం, టేకు చెక్కతో ఊళ్ళో వడ్రంగి చేత కొత్త లెన్సు బోర్డు చేయించడం, చిరిగిన బెల్లోసును తోలు పనివాళ్ళ దగ్గర కుట్టించడం ఫొటోగ్రాఫర్లకు తప్పలేదు. కాబట్టి లెన్సు నంబరు లెన్సు వయసునే చెప్తుంది. దాన్ని మొత్తం కెమెరాకు అంటగట్టకూడదు.

నంబరు చదవడానికి కావలసినవి ఒక భూతద్దం, ఒక చిన్న టార్చి, సెల్‌ఫోను. టార్చి వెలుతురును ఎదురుగా వేస్తే ఇత్తడి మెరిసి అక్షరాలు కనిపించవు. పక్కనుంచి, దాదాపు ఆనించినట్టుగా వేయండి. చెక్కిన గాట్లలో నీడ పడి అంకెలు లేచి కనిపిస్తాయి. అప్పటికీ తేలకపోతే పల్చటి కాగితం పరిచి పెన్సిలును అడ్డంగా రుద్దండి. ఇత్తడిని చింతపండుతోనో పాలిష్‌తోనో తోమవద్దు. గాట్లలో నింపిన నల్లరంగు పోతుంది, పైనున్న లక్క పూత పోతుంది, వాటితో సగం విలువా పోతుంది. “కొత్తదానిలా మెరుస్తోంది” అనే మాట ఈ వ్యాపారంలో మెచ్చుకోలు కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హాఫ్ ప్లేటు కెమెరా, అంటే 4¾ x 6½ అంగుళాల బొమ్మ తీసేది. దాని లెన్సు ముందు రింగు చుట్టూ కార్ల్ జైస్ యేనా, 1650000, టెస్సార్ 1:4.5, ఎఫ్ 21 సెం.మీ. అని ఉందనుకోండి. ఇందులో 21 సెం.మీ. అన్నది ఫోకల్ లెంగ్తు. ఆ ప్లేటు మూల నుంచి మూలకు ఉండే కొలత కూడా ఇంచుమించు అంతే కాబట్టి ఈ లెన్సు ఈ సైజు కెమెరాకు సరిగ్గా సరిపోయే జత. 1:4.5 అంటే ఎంత వెలుతురును లోపలికి రానిస్తుందో చెప్పే కొలత. టెస్సార్ డిజైను 1902లో వచ్చింది కాబట్టి లెన్సు అంతకు ముందుది కావడానికి వీల్లేదు. ఇక మిగిలింది 1650000. జైస్ కంపెనీ తన లెన్సులకు వరుస నంబర్లు ఇస్తూ పోయింది. 1912 ప్రాంతంలో రెండు లక్షల దగ్గర ఉన్న వరుస 1930 ప్రాంతానికి పది లక్షలకు చేరింది. పదహారున్నర లక్షలంటే 1935 చుట్టుపక్కల. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యేనా నంబర్లు ముప్పై లక్షల నుంచి నడిచాయి. జర్మనీ రెండయ్యాక పశ్చిమ జర్మనీలో వెలసిన జైస్ సంస్థ వరుస వేరు, దాన్ని ఈ లెక్కలో కలపకూడదు.

ఇప్పుడు ఆ లెన్సు ఏ షట్టరులో కూర్చుందో చూడండి. కాంపర్ షట్టరు 1912 నుంచి ఉంది. మొదట్లో స్పీడు మార్చడానికి లెన్సు పైన చిన్న చక్రం ఉండేది. 1930 ప్రాంతం నుంచి లెన్సు చుట్టూ తిరిగే రింగు వచ్చింది. ఫ్లాష్ తీగ పెట్టే సాకెట్టు ఉండి సింక్రో కాంపర్ అని రాసి ఉంటే అది 1950ల సరుకో, ఆ తర్వాతదో. 1935 నాటి లెన్సు 1950ల షట్టరులో ఉందంటే మధ్యలో ఎవరో మార్చారని అర్థం. అది దోషం కాదు, ఆ కెమెరా అప్పటికీ పనిలో ఉందనడానికి సాక్ష్యం. దాచకుండా చెప్పాల్సిన విషయం, అంతే. షట్టరుకు కూడా సొంత నంబరు ఉంటుంది. దాన్ని లెన్సు నంబరు అనుకుని లెన్సు నంబర్ల పట్టికలో వెతికితే లెక్క ఎక్కడికో పోతుంది.

అమెరికాలో రాచెస్టర్‌లో కొడాక్ చేసిన ఎక్టార్ లెన్సులది వేరే పద్ధతి, చాలా సుళువు కూడా. నంబరుకు ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. వాటి తాళం చెవి కేమెరాసిటీ అనే పది అక్షరాల మాట: సి, ఎ, ఎం, ఇ, ఆర్, ఓ, ఎస్, ఐ, టి, వై. వరుసగా సి అంటే 1, ఎ అంటే 2, అలా టి అంటే 9, చివరి వై సున్నా. లెన్సు మీద ఇ, ఆర్ అని ఉంటే 4, 5, అంటే 1945. ఆర్, సి అని ఉంటే 1951. ఈ పది అక్షరాలను గోడ మీద రాసి పెట్టుకుంటే పట్టిక చూడాల్సిన పనే లేదు. ష్నైడర్ క్రాయిట్స్‌నాక్ లెన్సులైతే కంపెనీ తన నంబర్ల పట్టికను తానే బయటపెట్టింది. పది లక్షలకు 1936లో, యాభై లక్షలకు 1957లో, కోటీ పది లక్షలకు 1968లో చేరింది. మీ నంబరు ఏ రెండింటి మధ్య పడుతుందో చూసుకుని ఆ మధ్య కాలాన్నే చెప్పండి. ఒక్క సంవత్సరం తేల్చి చెప్పాలన్న తాపత్రయం వద్దు. తయారైన ఏడాదే లెన్సు అమ్ముడుపోవాలనేం లేదు, మన ఊరు చేరేసరికి చేతులు మారి ఉండవచ్చు.

మోసపోయేది ఎక్కువగా పేటెంటు తేదీల దగ్గర. బాష్ అండ్ లాంబ్ కంపెనీ పాత షట్టర్ల మీద జనవరి 6, 1891 అని చెక్కి ఉంటుంది. అది పేటెంటు ఇచ్చిన రోజు. ఆ తేదీతో ఆ షట్టర్లు ఏళ్ళ తరబడి తయారవుతూనే వచ్చాయి. ఆ ఒక్క గీతను చూసి 1891 నాటి కెమెరా అని ప్రకటన ఇచ్చేవాళ్ళు ఉన్నారు. అది అబద్ధం అవుతుంది, తెలియక చెప్పినా సరే. అలాగే జర్మనీ సరుకు మీద డి.ఆర్.పి. అని ఉంటే యుద్ధానికి ముందు కాలపు జర్మన్ పేటెంటు, డి.బి.పి. అని ఉంటే యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీ పేటెంటు. మూడోది చెక్క మీద గుద్దిన చిన్న అంకెలు. బేస్ బోర్డు కింద 37, వెనక ఫ్రేము లోపల 37, లెన్సు బోర్డు వెనక 37 అని కనిపిస్తే అది సీరియల్ నంబరు కాదు. ఒక పెట్టె ముక్కలు ఇంకో పెట్టెతో కలిసిపోకుండా కార్ఖానాలో పనివాళ్ళు వేసుకున్న గుర్తు. వయసు చెప్పదు గానీ అంతకన్నా మంచి మాట ఒకటి చెప్తుంది: అన్ని చోట్లా ఒకే అంకె ఉంటే ఆ ముక్కలన్నీ పుట్టుకతో కలిసి ఉన్నవే.

చెక్క బాడీల మీద చాలావాటికి నంబరే ఉండదు. అక్కడ కంపెనీ పేరు పట్టుకోవాలి. కంపెనీలు పేర్లు మార్చుకున్న తేదీలు మనకు మైలురాళ్ళు. ఇకా అని పలక ఉంటే 1909 నుంచి 1926 లోపు. 1926లో ఇకా, ఎర్నెమాన్, గోర్జ్, కాంటెస్సా నెట్టెల్ కలిసి జైస్ ఐకాన్ అయ్యాయి. శాండర్సన్ కెమెరా పేటెంటు 1895ది కాబట్టి ఆ పేరున్న పెట్టె అంతకు ముందుది కాదు. ఇంగ్లండులో హాటన్స్ కంపెనీ 1926లో హాటన్ బుచర్ పేరుతో, 1930లో ఎన్‌సైన్ పేరుతో సరుకు అమ్మింది. దంతం రంగు చిన్న పలక మీద మద్రాసు డీలరు పేరో కలకత్తా డీలరు పేరో ఉంటే దాన్ని ఊడబెరకవద్దు. ఆ కెమెరా ఏ దారిన వచ్చిందో చెప్పే కాగితం అదే. మన దేశంలో చేసినవాటిని తక్కువగా చూడటం కూడా తప్పు. కేరళలో అలప్పుళలో కరుణాకరన్ చేసిన వాగీశ్వరి ఫీల్డు కెమెరాలు దేశమంతా స్టూడియోలకు వెళ్ళాయి. ఆ పేరు కనిపిస్తే 1940ల నడుమ నుంచి 1980ల లోపు సరుకు అని ధైర్యంగా రాయవచ్చు. నా మటుకు నాకు మొహం లేని విలాయతీ పెట్టెకన్నా పేరున్న వాగీశ్వరి మిన్న.

గాజు మీద పూత కూడా చూడండి. ట్యూబులైటు వెలుతురు లెన్సులో తెల్లగా ప్రతిఫలిస్తే పూత లేదు, అంటే ఎక్కువగా యుద్ధానికి ముందుది. నీలంగానో ఊదాగానో కనిపిస్తే పూత ఉంది. జైస్ లెన్సు మీద ఎర్ర టి అక్షరం ఆ పూతకు గుర్తు. పాత లెన్సుకు తర్వాత పూత వేయించినవాళ్ళూ ఉన్నారు కాబట్టి దీన్ని ఒంటరి సాక్ష్యంగా తీసుకోవద్దు.

ఇదంతా అయ్యాక రాసే పద్ధతి ముఖ్యం. “పురాతన కెమెరా, చాలా అరుదు” అని రాస్తే ఎవరూ నమ్మరు. ఇలా రాయండి: బాడీ హాఫ్ ప్లేటు, కంపెనీ పేరును బట్టి 1926కు ముందుది, లోపలి అంకెలు మూడు చోట్ల కలిశాయి, లెన్సు జైస్ టెస్సార్, నంబరును బట్టి 1935 ప్రాంతం, షట్టరు 1950లలో గానీ ఆ తర్వాత గానీ మార్చినది, బెల్లోసు కొత్తగా కుట్టినది. కొనేవాడికి ఆ నాలుగు ముక్కల్లో మీ మీద నమ్మకం కుదురుతుంది. వయసు చెప్పే పనికి రుసుము తీసుకోండి, ఒక కెమెరాకు ఇంత అని. అమ్మకంలో వాటా అడగవద్దు. వయసు చెప్పేవాడే కొనేవాడు కూడా అయితే ఆ మాటకు విలువ లేదు. కొనాలనుకుంటే ముందే ఆ సంగతి చెప్పి, వయసు చెప్పే పనిని ఇంకొకరికి వదిలేయండి.

చట్టం సంగతి కూడా ఇక్కడే. 1972 నాటి పురావస్తువులు, కళాసంపద చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన వస్తువు పురావస్తువు కావచ్చు. గడిచిన కాలపు శాస్త్రాన్నీ కళనూ చూపే వస్తువులు కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నిషేధం, దేశంలో వాటి వ్యాపారం చేయాలన్నా లైసెన్సు కావాలి. ఇంటర్నెట్టులో అమెరికా వాడు మంచి ధర ఇస్తానన్నాడని కొరియరు కట్టేసే ముందు భారత పురావస్తు సర్వే శాఖను సంప్రదించి, అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోండి. 1935 లెన్సా, 1915 లెన్సా అన్న తేడా ఇక్కడ ధరకు సంబంధించిన తేడా మాత్రమే కాదు.

ఈ పని ఆలస్యం చేయవద్దని చెప్పడానికి కారణం ఉంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు కృష్ణ ఒడ్డున లంక ఊళ్ళు ఎలా అయ్యాయో కొల్లిపర మండలం వాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. అంతకు ముందు 1977 నవంబరు 19 ఉప్పెన రేపల్లె, బాపట్ల వైపు ఎంత తీసుకుపోయిందో పెద్దవాళ్ళకు తెలుసు. నీళ్ళు రాకపోయినా మన డెల్టా చెమ్మ చాలు, మూసిన తోలు సంచిలో లెన్సు మీద సాలెగూడులా బూజు పాకుతుంది. లెన్సును తోలు సంచిలోంచి తీసి, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. గాజు నెగెటివులు ఉంటే నీళ్ళతో కడగవద్దు, ఒక్కొక్కటి విడిగా కాగితంలో నిలబెట్టి దాచండి. ఆ నెగెటివుల మీద ఉన్నవాళ్ళు ఈ ఊళ్ళ వాళ్ళే. కెమెరాతో కలిపి వాటిని తూకానికి ఇవ్వకండి.

అమ్మినా అమ్మకపోయినా మీ దగ్గరున్న ప్రతి లెన్సు, షట్టరు నంబరును ఫొటో తీసి, ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. ఎప్పుడు కొన్నారో, ఎవరు వాడారో ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పింది కూడా అదే పేజీలో రాయండి. దొంగతనం జరిగితే పోలీసు ఫిర్యాదులో రాయడానికి పనికొచ్చేది ఆ నంబరే.