ఎండు నెత్తళ్ళ డబ్బాతో పాటు

అల్లూరు,
8 జనవరి 2026

చిన్నీ,

మొన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. "పెద్దమ్మా, పది వారాలుగా తూకం ముల్లు 79 కిలోల దగ్గర్నుంచి కదలటం లేదు, సోమవారం నుంచి రాత్రి తిండి కూడా మానేస్తా" అన్నావు. నేను ఊఁ కొట్టి ఊరుకున్నాను. ఫోన్లో వాదనకు దిగితే నువ్వే గెలుస్తావు. కాగితం మీదైతే నన్ను మధ్యలో ఆపలేవు.

ముందు లెక్క చూద్దాం. ముప్పై ఏళ్ళు పిల్లలకు జీవశాస్త్రం చెప్పినదాన్ని, లెక్క చూడకుండా ఏడవటం నాకు చేతకాదు. నువ్వు వేసుకునే బరువు తగ్గించే సూది మందు మౌంజారో మన దేశంలోకి 2025 మార్చిలో వచ్చింది, నువ్వు ఏప్రిల్ సగంలో మొదలుపెట్టావు. అప్పుడు 92 కిలోలు. తగ్గిన 13 కిలోలు నీ పాత బరువులో 14 శాతం. ఆ మందు మీద 2022లో అచ్చయిన పెద్ద పరీక్షలో రెండున్నర వేలమందికి పైగా ఉన్నారు. నువ్వు వేసుకుంటున్న 5 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవాళ్ళు 72 వారాలకు తగ్గింది సగటున 15 శాతం. నీకింకా 40 వారాలు కూడా నిండలేదు. ఆగిపోయానని నువ్వు కుమిలిపోతున్నావు గానీ, ఆ దారిన పోయినవాళ్ళు ఏడాదిన్నరకు చేరిన ఊరి పొలిమేరలో ఇప్పటికే నిలబడి ఉన్నావు.

ఇక, అసలు ఎందుకు ఆగుతుందంటే, తగ్గిన ఒళ్ళు తక్కువ ఖర్చుతో బతకటం నేర్చుకుంటుంది. ఒక కిలో తగ్గితే రోజు ఖర్చులో 20 నుంచి 30 క్యాలరీలు పడిపోతాయి, ఆకలి మాత్రం రోజుకి దాదాపు 100 క్యాలరీల మేర పైకి లేస్తుందని లెక్కగట్టారు. నీ 13 కిలోలకు గుణించి చూడు. సూది లేకపోతే ఆ ఆకలి నిన్ను ఎప్పుడో వంటింట్లోకి ఈడ్చుకుపోయేది. సూది కడుపును నెమ్మదిగా ఖాళీ చేయిస్తుంది, మెదడుకు చాలు చాలని చెబుతుంది. అంతవరకే దాని పని. నువ్వేం తిన్నావో దానికి పట్టదు.

అక్కడే నాకు బెంగ. మీ పెదనాన్న రొయ్యల గుంట దగ్గర నువ్వు చిన్నప్పుడు చూసిందే చెబుతాను. వారం వారం విసురు వల వేసి కౌంటు చూస్తారు కదా, కిలోకు అరవై తూగితే అరవై కౌంటు. అనుభవమున్న రైతు కౌంటుతో ఊరుకోడు. రొయ్యను రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కుతాడు. కొన్నింటికి పెంకు ఉంటుంది, లోపల కండ చిక్కిపోయి, మధ్యలో సందు. లూజ్ షెల్ అంటారు. కొనేవాడు దానికి మంచి రేటు కట్టడు. నీ తూకం మిషను కౌంటు మాత్రమే చెబుతుంది చిన్నీ, వేళ్ళతో నొక్కి చూడదు.

ఇది నేను భయపెట్టటానికి అల్లిన పోలిక కాదు. నీ మందు వాడినవాళ్ళలో కొందరికి ఒళ్ళంతా స్కానింగ్ చేసి చూస్తే, తగ్గిన బరువులో సుమారు ముప్పావు వంతు కొవ్వు, పావు వంతు కొవ్వు కానిది. ఆ కానిదాంట్లో నీళ్ళూ ఉంటాయి, కండా ఉంటుంది. మీ ఆఫీసులో మరో అమ్మాయి వాడుతోందన్నావే వెగోవీ, ఆ మందు పరీక్షలో ఈ కొవ్వు కానిదాని వాటా 5లో 2 వంతుల దాకా వచ్చింది. నీ 13 కిలోల్లో మూడు కిలోలు కండవైపు నుంచి పోయాయనుకో, మెట్లెక్కితే తొడలు లాగుతున్నాయని నువ్వన్న మాటకు అర్థం దొరుకుతుంది. కండ తగ్గేకొద్దీ ఒంటి ఖర్చు ఇంకా పడిపోతుంది. రాత్రి తిండి మానేస్తే ముల్లు కొంచెం కదలొచ్చు. ఏం కరిగి కదిలిందన్నది అడగవా?

నీ రోజంతా ఏం తింటున్నావో మొన్న నా చేత రాయించావు. పొద్దున రెండిడ్లీల్లో ఒకటి వదిలేస్తావు, మధ్యాహ్నం నాలుగు ముద్దల పెరుగన్నం, మూడు కాఫీలు, రెండు బిస్కెట్లు, రాత్రి జ్యూసు. ఇవన్నీ కలిపినా మాంసకృత్తులు ముప్పై గ్రాములు దాటవు. మీ హైదరాబాదులోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యంగా ఉన్న మనిషికి కిలోకు 0.83 గ్రాములు చెబుతుంది. నీకు దాదాపు 66 గ్రాములు. బరువు తగ్గుతున్నవాళ్ళకు డాక్టర్లు ఇంకా పైకి, 1.2 దాకా కూడా చెబుతున్నారు. అంత తినేముందు కిడ్నీల సంగతి డాక్టరుకు చూపించి తేల్చుకో.

నెల్లూరు పిల్లవు, నీకు మాంసకృత్తుల డబ్బాలు కొనే ఖర్మ ఏంది? పొద్దున రెండు గుడ్లు, అక్కడికి పన్నెండు గ్రాములు. మధ్యాహ్నం వంద గ్రాముల చేప ముక్కలంటే దాదాపు ఇరవై. కంచంలో ముందు చేపా పప్పూ తిను, అన్నం చివర్న. ఆకలి లేని కడుపుకు నాలుగు ముద్దలే పడతాయి కాబట్టి ఆ నాలుగూ ఏవన్నదే లెక్క. జ్యూసు మానెయ్, నమలక్కర్లేని తీపి సూది కళ్ళుగప్పి లోపలికి పోతుంది. ఊరగాయ తిన్న మర్నాడు, నెలసరి ముందు, విరోచనం కాని రోజున తూకం ఎక్కకు. ఒంట్లో నీళ్ళు చూసి కంగారు పడతావు. నడుము చుట్టూ టేపు పెట్టి రాసుకో. నడక ఒక్కటే చాలదు, వారానికి రెండు మూడు సార్లు బరువులెత్తు. ఇక్కడ అరక పట్టిన ఆడమనిషికి జిమ్ము అక్కర్లేదు గానీ, నువ్వు పట్టేది కీబోర్డు.

మోతాదు పెంచాలా వద్దా అన్నది డాక్టరు ముందు కూర్చుని అడుగు. స్నేహితురాలి దగ్గర మిగిలిన పెన్ను తెచ్చి పొడుచుకోవద్దు. విసుగొచ్చి ఒక్కసారిగా ఆపెయ్యొద్దు. 36 వారాలు వాడాక కొందరికి మందు లేని ఉత్త సూది ఇచ్చి చూశారు, ఏడాదిలో 14 శాతం తిరిగి పెరిగారు. కొనసాగించినవాళ్ళు మాత్రం మరో 5 శాతం పైన తగ్గారు. కడుపు పైభాగంలో నొప్పి పట్టి వీపులోకి పాకితే, అర్ధరాత్రైనా ఆసుపత్రికి పో. దాంట్లో మొహమాటం వద్దు.

పోయినేడు పండక్కి అరిసెల పళ్ళెం దగ్గర "ఇంకెంత లావవుతావే" అని నలుగురిలో అన్నది నేనే. ఆ మాట నీకు గుర్తుండే ఉంటుంది, నాకూ ఉంది. ఈ పండక్కి అట్టాంటిది నా నోట రాదు, ఎవరన్నా అంటే వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను.

ఇస్కపల్లి నుంచి తెచ్చిన ఎండు నెత్తళ్ళు ఒక డబ్బా బస్సులో పంపుతున్నాను. ఉప్పు ఎక్కువ పట్టాయి ఈసారి. వేడి నీళ్ళలో రెండుసార్లు కడిగి, వంకాయతో కలిపి వండుకో. భోగి నాటికి పొద్దున బండికే రా, మీ పెదనాన్న కావలి స్టేషనుకు వస్తారు.

మీ పెద్దమ్మ