చాల్ - వరుస గదుల మేడ

మా హాస్టల్లో మెట్లెక్కగానే పొడుగాటి వరండా, దాని వెంబడి వరుసగా గదులు, చివర అందరికీ కలిపి కొళాయిలు, మరుగుదొడ్లు. వందేళ్ళ కిందట బొంబాయిలో కార్మికులకు ఇదే పద్ధతిలో అంతస్తుల మేడలు కట్టారు. వాటిని చాల్ అంటారు. ఆ మాట వినగానే మాకు నాగటి చాలు గుర్తొచ్చింది.

1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. గాలీ వెలుతురూ లేని ఇరుకు ఇళ్ళను తీసివేయాలని 1898లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును పెట్టారు. వెలుతురు కోసం ట్రస్టు ఒక కోణం నిర్ణయించింది: 63.5 డిగ్రీలు. దాని టాన్ విలువ దాదాపు 2. అంటే ఎదుటి గోడ 40 అడుగుల ఎత్తుంటే మధ్యలో 20 అడుగుల ఖాళీ వదలాలి. పదో తరగతి త్రికోణమితి ఇలా పనికొస్తుందని మేము అనుకోలేదు!

1920 తర్వాత వర్లీ, నాయగావ్ మొదలైన చోట్ల ప్రభుత్వం 207 బి.డి.డి. చాల్‌లు కాంక్రీటుతో కట్టింది. ఒక్కో మేడకు నాలుగు వరుసలు, వరుసకు 20 గదులు, గది 160 చదరపు అడుగులు. వంట, పడక, పురుడు అన్నీ అందులోనే. మా గదిలో తలకు వచ్చేది 16 చదరపు అడుగులు కాబట్టి ఆ ఇరుకు మాకు వేరే చెప్పనక్కరలేదు. వర్లీలో పాత చాల్‌ల బదులు కట్టిన 500 చదరపు అడుగుల ఇళ్ళను 2025 ఆగస్టులో మొదటగా 556 కుటుంబాలకు ఇచ్చారు.

బొంబాయి కట్టడాల్లో మనవాళ్ళ చెమట కూడా ఉంది. నిజాం ప్రాంతం నుండి వెళ్ళిన తెలుగు కూలీలు కామాఠీలు. కామాఠీపురాకు ఆ పేరు వారి వల్లనే వచ్చింది.

డాక్టర్ అంబేద్కర్ గారు బొంబాయిలో పెరిగింది చాల్‌లోనే. ఒకే గదిలో ఇల్లంతా సద్దుమణిగాక, తండ్రి రాత్రి 2 గంటలకు లేపితే చదువుకునేవారు. తర్వాత పరేల్‌లోని ట్రస్టు చాల్‌లో రెండో అంతస్తున 50, 51 నంబర్ల గదుల్లో 1912 నుండి 1934 వరకు ఆ కుటుంబం ఉంది.

ఇది చదివాక మేము టేపు పట్టుకుని వెనక్కి వెళ్ళాం. మా వెనక గదుల కిటికీలకు ఎదురుగా ఉన్న గోడ 24 అడుగుల ఎత్తు. ఖాళీ 12 అడుగులు ఉండాలి, 6 ఉంది. సముద్రపు గాలి కూడా అటు రాదు. ఆ గదుల్లోని తమ్ముళ్ళు మధ్యాహ్నం కూడా లైటు వేసుకుంటారు, కరెంటు పోతే పుస్తకాలు పట్టుకుని వరండాలోకి వస్తారు.