ఎల్యూసిస్ దీక్ష: తలుపు ఎవరికి తెరిచారు?



గ్రీసు అనగానే మనకు సోక్రటీసు, ప్లేటో గుర్తొస్తారు. ఆ ఏథెన్సు జనమే ఏటా సెప్టెంబరు ప్రాంతంలో, సుమారు 20 కిలోమీటర్లు ఊరేగింపుగా నడిచి ఎల్యూసిస్ వెళ్ళేవారు. అక్కడ ధాన్యదేవత డిమీటర్ గుడిలో రాత్రిపూట రహస్య దీక్ష ఇచ్చేవారు. తీసుకున్నవాళ్ళకు చచ్చాక మేలు జరుగుతుందని నమ్మకం. లోపల చూసింది బయట చెప్పకూడదు. క్రీ.పూ. 200లో దీక్ష లేని ఇద్దరు కుర్రాళ్ళు తెలియక గుంపుతోపాటు లోపలికి వెళ్ళారు. వేసిన ప్రశ్నలను బట్టి దొరికిపోయారు. చంపేశారు.

ఇంత కఠినమైన చోట ఒక సంగతి చూడండి. గ్రీకు భాష వచ్చి, హత్యాదోషం లేకపోతే చాలు, ఆడవాళ్ళూ బానిసలూ కూడా దీక్ష తీసుకోవచ్చు. (తర్వాత రోమన్ సైనికుల్లో పాకిన మిత్ర దేవుడి దీక్షలో ఆడవాళ్ళకు చోటు లేదు.)

డెమస్తనీసు పేరుతో మిగిలిన ఒక కోర్టు ప్రసంగంలో మెటనైరా అనే బానిస స్త్రీ కనిపిస్తుంది. యజమానురాలు ఆమె చేత వ్యభిచారం చేయించేది. ఆమెను ఇష్టపడ్డ లిసియాస్ అనే రచయిత, ఆమెకు దీక్ష ఇప్పించాలనుకున్నాడు. ఎందుకో తెలుసా? తాను పెట్టే మిగతా ఖర్చంతా యజమానురాలికే పోతోంది. దీక్షకు పెట్టింది మాత్రం మెటనైరాకే దక్కుతుందట! ఇది చదివి నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఆమెది అని చెప్పుకోవడానికి ఈ లోకంలో ఏమీ లేదన్నమాట. పైగా దీక్ష ఎవరి సంకెళ్ళూ తెంచలేదు. దీక్ష తీసుకున్న బానిస మర్నాడూ బానిసే.

తత్వవేత్తలు ఈ దీక్షను ఊరికే వదల్లేదు. ప్లేటో తన ఫీడో గ్రంథంలో దీక్షల భాషనే వాడుకుని, సరిగ్గా తత్వ విచారణ చేసినవాళ్ళే నిజమైన దీక్షాపరులన్నాడు. మాట ఉంచి అర్థం మార్చేశాడు. డయోజెనిస్‌కు అంత ఓపిక లేదు. దీక్ష తీసుకుంటే పరలోకంలో మంచి చోటు దొరుకుతుందని ఏథెన్సువాళ్ళు చెప్పబోతే, ఆయన శీలం సంగతి అడిగాడంటారు: పటైకియాన్ అనే దొంగకు దీక్ష ఉంది, ఎపమినోండాస్‌కు లేదు, అయితే ఆ దొంగకే మంచి చోటా?

ఆ ఎపమినోండాస్ థీబ్స్ సేనాని. స్పార్టా కింద తరతరాలుగా పొలాల్లో వెట్టి చేస్తున్న మెస్సేనియా హెలట్లకు క్రీ.పూ. 369 ప్రాంతంలో విముక్తి కలిగించి, వాళ్ళకంటూ ఒక నగరం కట్టించినవాడు.