పాత మిద్దెపై సౌర విద్యుత్తు - తీరప్రాంత రైతులు ముందుగా చూచుకొనవలసిన పనులు

నెల్లూరు జిల్లాలో సముద్రపుటొడ్డున నున్న బోగోలు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు మండలములలో తాతలనాటి మిద్దెలు, పెంకుటిండ్లు నేటికిని ఉన్నవి. వీటిపై సౌర పలకలు పెట్టించి కరెంటు బిల్లు తగ్గించుకొనవలెనని కోరు రైతులు కలరు. కోరిక మంచిదే. కాని పలకల ధర అడుగుటకు ముందు ఇంటిలో కరెంటు దేనికి ఖర్చగుచున్నదో, ఇంటి కప్పు ఎంత గట్టిగా నున్నదో మీరే చూచుకొనవలెను.

ముందుగా ఖర్చు సంగతి. పాతరకపు సీలింగు ఫ్యాను 75 వాట్లు తీసుకొనును. అట్టివి నాలుగు, దినమునకు 12 గంటలు తిరిగినచో నెలకు 108 యూనిట్లు అగును. 30 వాట్లతో నడచు బి.ఎల్.డి.సి. ఫ్యానులు పెట్టినచో ఆ పనికే 43 యూనిట్లు చాలును. పాత ట్యూబులైట్లు తీసి ఎల్.ఇ.డి. దీపములు పెట్టినచో మరికొంత తగ్గును. ఒక కిలోవాటు సౌర పలకలు దినమునకు సుమారు 4 యూనిట్లు, అనగా నెలకు 120 యూనిట్లు ఇచ్చును. ఫ్యానులు, దీపములు మార్చుట వలన మిగులు కరెంటు ఇంచుమించు ముప్పాతిక కిలోవాటు పలకలతో సమానమన్నమాట. ఈ పని చేయకుండ పెద్ద ప్లాంటు పెట్టించుట గండి పూడ్చకుండ చెరువు నింపుట వంటిది.

పైకప్పు వేడి తగ్గినచో ఫ్యానుల అవసరము, ఏ.సి. ఉన్నచో దాని ఖర్చు తగ్గును. వానలు వెనుకబట్టిన పిదప మిద్దెపై నెర్రెలు పూడ్చి, వేసవికి ముందు తెల్లని సున్నము రెండు పూతలు వేయవలెను. తెలుపు ఎండను తిప్పికొట్టును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది ఈ సూత్రము మీదనే. మన పెద్దలకు ఇది తెలియనిదేమీ కాదు. పడమటి కిటికీలు మధ్యాహ్నము మూసి, సముద్రపు గాలి తిరిగిన వెంటనే తూర్పు కిటికీలు తెరచుట కూడ వారు నేర్పినదే.

ఇక అసలు విషయము. 1989 నవంబరులో కావలి దగ్గర తీరము దాటిన పెనుతుపాను పెద్దలకు గుర్తుండును. గృహనిర్మాణ ప్రమాణములలో నెల్లూరుకు లెక్కించవలసిన గాలివేగము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగమున గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువంత ఒత్తిడి కలిగించును. మూడు కిలోవాట్లకు ఆరు పెద్ద పలకలు కావలెను. వాటి బరువు అంతయు కలిపి 180 కిలోలకు మించదు. గాలి వాటిని పైకెత్తు బలము రెండు టన్నులు దాటవచ్చును. కనుక మిద్దె పలకలను మోయగలదా అని మాత్రమే గాక, వాటిని పట్టి ఉంచగలదా అని కూడ అడుగవలెను.

దూలములపై దంతెలు పరచి, ఇటుకలు నిలువుగా పేర్చి, సున్నపు గచ్చు వేసిన పాత మిద్దెకు రంధ్రములు చేసి బోల్టులు బిగించరాదు. గచ్చు చిట్లి నీరు దిగును, పట్టు కూడ నిలువదు. ఇనుప చట్రపు కాళ్లను బరువు మోయు గోడలపైన నిలిపి, గోడమీద పోసిన కాంక్రీటు దిమ్మెలకు బిగించుట మేలు. అంతకు ముందు దూలముల చివరలను, గోడలోనికి దిగినచోట, ఉలితో పొడిచి చెదలు చూడవలెను. పెంకుటింటిపై ఈ పని తలపెట్టకుండుటయే మంచిది. పెరటిలో పునాది పోసి వేరు చట్రము నిలుపవచ్చును. కాని కొబ్బరిచెట్ల క్రింద వద్దు. ఒక్క మట్ట నీడ పడినను పలకల వరుస అంతటి దిగుబడి తగ్గును. కాయ పడినచో చెప్పనక్కరలేదు.

పలకలు దక్షిణ ముఖముగా, సుమారు 14 డిగ్రీల వాలుతో ఉండవలెను. అంతకు మించి లేపినకొలది గాలి పట్టు ఎక్కువగును. ఉప్పుగాలికి మామూలు ఇనుము నిలువదు. వేడి జింకులో ముంచి తీసిన చట్రము, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, ఉప్పుగాలి పరీక్షలో నెగ్గిన పలకలు కావలెనని ఒప్పందములోనే వ్రాయించుకొనుడు. పలకలను ఉదయముననే మంచినీటితో కడుగవలెను. ఉప్పునీటి బోరు వాడినచో చారలు కట్టును.

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము క్రింద నిర్ణయించిన సబ్సిడీ ఒక కిలోవాటుకు రూ. 30,000, రెండింటికి రూ. 60,000, మూడు లేక అంతకు పైబడినచో రూ. 78,000. ఇది పని ముగిసి, నెట్‌మీటరు అమర్చిన తరువాత ఖాతాలో పడునది. కావున మొదటి సొమ్ము మీరే సమకూర్చుకొనవలెను. దరఖాస్తు పెట్టుటకు ముందు, నాటి నిబంధనలను దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయములో అడిగి తెలిసికొనుడు. పాత ఇండ్లలో సర్వీసు తరచు గతించిన తండ్రిగారి పేరననే ఉండును. పేరు మార్పిడి ముందే చేయించుకొననిచో పని అక్కడనే ఆగును. గ్రామాధికారులు కుటుంబ సభ్యుల ధ్రువపత్రము వంటివి సకాలములో ఇప్పించినచో రైతుకు ఎంతో మేలు చేసినవారగుదురు.

ఒక సంగతి అమ్మకందారులు చెప్పరు. లైనులో కరెంటు పోయినప్పుడు మామూలు సౌర ప్లాంటు కూడ ఆగిపోవును. లైనుపై పనిచేయువారికి ప్రమాదము రాకుండ అట్లు చేసినారు. తుపాను రాత్రి దీపము వెలుగవలెనన్నచో బ్యాటరీ వేరుగా కావలెను. రెండు దీపములకు, రెండు ఫ్యానులకు మాత్రమే అయినచో చిన్న ఇన్వర్టరు బ్యాటరీ చాలును.

అక్టోబరులోనే చట్రపు బోల్టులన్నియు బిగించి చూడుడు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ముందు ఇన్వర్టరు నుండి ఇంటికి వచ్చు స్విచ్చిని, పిదప పలకల వైపు స్విచ్చిని ఆపవలెను. గాలి తగ్గిన తరువాత పలక పగిలియున్నను, తీగ తెగియున్నను చేయి వేయరాదు. వెలుతురు ఉన్నంతసేపు పగిలిన పలకలో కూడ విద్యుత్తు పుట్టుచునే ఉండును. పిల్లలను, పశువులను దూరముగా ఉంచి, పని తెలిసినవానిని పిలిపించుడు.