చేతివాటం: నష్టం ఎవరికి? దిద్దుబాటు ఎలా?

"దొరికితే దొంగ, దొరక్కపోతే దొర" అంటారు మన పెద్దలు. దుకాణంలో చిన్న వస్తువును జేబులో వేసుకొని డబ్బు కట్టకుండా బయటపడే అలవాటుకు ఈ సామెత సరిగ్గా సరిపోతుంది. దీనినే షాప్‌లిఫ్టింగ్ అంటారు. పత్రికలు చేతివాటం అని రాస్తుంటాయి. "అంత పెద్ద షాపుకు ఒక్క సబ్బు పోతే ఏమవుతుంది?" అని కొందరు వాదిస్తారు. ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం.

నష్టం ఎవరిది?

ఒక కిరాణా కొట్టు యజమాని 90 రూపాయలకు కొన్న నూనె ప్యాకెట్‌ను 100 రూపాయలకు అమ్ముతాడనుకుందాం. ఒక ప్యాకెట్ దొంగల పాలైతే అతనికి పోయింది 10 రూపాయలు కాదు, 90 రూపాయలు. అది పూడాలంటే మరో 9 ప్యాకెట్లు అమ్మాలి. ఆ తొమ్మిదింటి మీదా అతనికి మిగిలేదేమీ లేదు. పైగా జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ ప్రకారం, దొంగతనంలో పోయిన సరుకు మీద ముందే కట్టిన పన్నును సర్దుబాటు చేసుకొనే వీలు లేదు. పెద్ద షాపులు కెమెరాల ఖర్చు, కాపలా ఖర్చు ధరల్లో కలుపుకుంటాయి. అంటే నిజాయితీగా కొనేవారే ఆ బరువు మోస్తారు.

కౌంటరు దగ్గర రోజంతా నిలబడే సేల్స్ ఉద్యోగుల మీద కూడా దెబ్బ పడుతుంది. స్టాకు తగ్గితే కొన్నిచోట్ల వారి జీతంలో కోస్తారు. ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే సరుకు పోయిందని తేలి, అతని సంజాయిషీ విన్న తరువాతే కోత పెట్టాలని వేతన చట్టం చెబుతోంది. ఆ సంగతి తెలియకపోతే నోరు మెదపకుండా నష్టపోతాం. ఆ ఉద్యోగాల్లో మన అక్కలు, అన్నలు కూడా ఉన్నారని మరువరాదు.

కొడితే మారతారా?

పట్టుబడినవాణ్ణి స్తంభానికి కట్టి కొట్టడం, మెడలో అట్ట వేలాడదీసి వీడియో తీయడం న్యాయమనుకొనేవారు ఉన్నారు. కట్టివేయడం, కొట్టడం చట్టం ముందు నేరాలే. 2018 ఫిబ్రవరిలో కేరళలోని అట్టప్పాడిలో బియ్యం దొంగిలించాడన్న ఆరోపణతో ఒక ఆదివాసీ యువకుణ్ణి గుంపు కొట్టి చంపింది. 2023 ఏప్రిల్‌లో మన్నార్కాడ్ ప్రత్యేక కోర్టు ఆ కేసులో 14 మందిని దోషులుగా తేల్చింది. అనుమానం ముందుగా పేదవాడి మీదే వాలుతుందని మనకు వేరే చెప్పనక్కరలేదు.

తరగతుల పద్ధతి

అమెరికాలో కొన్నిచోట్ల, మొదటిసారి ఇలా పట్టుబడినవారిని కోర్టులు తరగతులకు పంపుతాయి. తాము తీసిన వస్తువు వల్ల నష్టం ఎవరెవరికి చేరుతుందో అక్కడ వివరిస్తారు. "అందరూ చేస్తున్నదే కదా" వంటి సాకులను గుర్తుపట్టడం, స్నేహితుల ఒత్తిడికి లొంగకుండా ఉండడం నేర్పుతారు. తరగతులు పూర్తిచేసినవారి మీద కేసు ఎత్తివేసే ఏర్పాటు కూడా కొన్నిచోట్ల ఉంది.

ఇందులో ఒక చేదు అనుభవమూ ఉంది. అక్కడి ఒక ప్రైవేటు కంపెనీ షాపులతో ఒప్పందం పెట్టుకొని, 400 నుంచి 500 డాలర్లు కట్టి తమ కోర్సు చేయాలనీ, లేకుంటే పోలీసు కేసు తప్పదనీ పట్టుబడినవారిని బెదిరించింది. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టు ఇది బలవంతపు వసూలేనని తేల్చింది. బెదిరించి అమ్మేది చదువు కాదు.

పై చదువులకు అమెరికా వెళ్ళాలనుకొనే మనవారు మరో మాట గుర్తుంచుకోవాలి. అక్కడ దొంగతనం చేస్తే వీసా రద్దు కావచ్చుననీ, మళ్ళీ వీసా పొందే అర్హత కూడా పోవచ్చుననీ 2025 జూలైలో భారత్‌లోని అమెరికా రాయబార కార్యాలయం హెచ్చరించింది.

మన చట్టంలో దారి

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. దాని 303వ సెక్షన్ ప్రకారం, దొంగిలించిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, నేరం రుజువు కావడం మొదటిసారి అయి, సొత్తునో దాని విలువనో తిరిగి ఇస్తే సమాజ సేవను శిక్షగా విధిస్తారు. అయితే సరుకు భద్రపరిచే కట్టడంలో దొంగతనానికి 305వ సెక్షన్ కింద 7 ఏళ్ళ వరకు జైలు పడవచ్చు. కనుక కేసు ఏ సెక్షన్ కింద పెట్టారో తెలుసుకోవడం ముఖ్యం.

1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం కింద కోర్టు మందలించి గాని, సత్ప్రవర్తన హామీ మీద గాని విడిచిపెట్టవచ్చు. 18 ఏళ్ళ లోపు వారికి 2015 బాలల న్యాయ చట్టం హితబోధ, బృంద కౌన్సెలింగ్, సమాజ సేవ వంటి మార్గాలు చూపింది. ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, పిల్లలకు న్యాయ సేవల సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. సహాయానికి 15100కు ఫోన్ చేయవచ్చు.

మేము కోరేది

సమాజ సేవ అంటే చీపురు చేతికివ్వడంతో సరిపెట్టకూడదు. దానికి తోడు తరగతి కూడా ఉండాలి. దానికి ఫీజు ఉండరాదు. హాజరైనవారి పేర్లు బయటపెట్టరాదు. దుకాణదారు, సేల్స్ ఉద్యోగి వచ్చి తమ కష్టం స్వయంగా చెప్పాలి. ఎందుకు తీశారో కూడా అడగాలి. ఆకలితో తీసినవాడికి కావలసింది బియ్యం, పని. పందెం కోసం తీసినవాడికి కావలసింది పాఠం. తీయకుండా ఉండలేని మానసిక జబ్బు ఉన్నవాడికి కావలసింది డాక్టరు. ముగ్గురికీ ఒకటే దెబ్బ వేస్తే ఒక్కరూ బాగుపడరు.

మా ఇళ్ళలో మొదట డిగ్రీ పట్టా చూసింది మా తరమే. ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారంలో పోలీసు కేసుల వివరాలు అడుగుతారు. అమ్మానాన్నలు కూలి చేసి చదివించిన చదువు ఒక సబ్బు బిళ్ళ దగ్గర ఆగిపోకూడదు. మన గదిలో ఎవరైనా అలా చేయి చాచబోతే నలుగురిలో నవ్వులపాలు చేయక, పక్కకు పిలిచి చెప్పాలని తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా మనవి.